మామ ముందర ఇంగ్లీషు

1941 జూన్, మొదటి సోమవారం, ఉదయం పదిన్నర. మద్రాసు నుంచి ఒక కాలేజీ ప్రిన్సిపాలు దొర తిరువళ్ళూరు వచ్చి, కాలేజీలో చేరేవాళ్ళకు ఇంగ్లీషు పరీక్ష పెట్టాడు. నేను పద్నాలుగో ఏట పలక పట్టినవాణ్ణి. చదివి చూపించాను, రాసి చూపించాను. ఇక మాట్లాడితే సీటు వచ్చినట్టే.

"మీ ఊళ్ళో ఏం పండిస్తారు?" అని దొర ఇంగ్లీషులో అడిగాడు. జవాబు నాలుక మీదే ఉంది. కానీ పక్కన మా మామ కూర్చున్నాడు. పెద్దవాళ్ళుండగా చిన్నవాళ్ళు నోరు విప్పడం మా ఇళ్ళలో లేదు. దొర వెంట వచ్చిన గుమాస్తా ఆ ప్రశ్నను తమిళంలో చెప్పగానే మామే అందుకున్నాడు.

"చెరుకు, శెనక్కాయలు సామీ. పిల్లోడు రొంబ మంచోడు, ఎదురు మాట్లాడడు."

దొర మళ్ళీ నన్నే అడిగాడు. నేను మామ వైపు చూశాను. "మాట్లాడడం నేర్చుకుని రా" అని దొర పంపేశాడు.

బయటికొచ్చాక మామ, "అన్నిటికీ నేను చెప్పినా గదరా, ఇంకేం కావాలంట ఆయనకి?" అన్నాడు.

కాలేజీ గడప తొక్కనే లేదు. నాకు చదవడం, రాయడం నేర్పిన అయ్యవారు మామను బయట కూర్చోబెట్టి లోపలికి పొమ్మని మాత్రం చెప్పలేదు. తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

ఆ రోజు ఆ గదిలో ఉన్నది దొర, గుమాస్తా వరదన్, మా మామ మునిరత్నం నాయుడు, నేను.