వరసకి రాబిన్

ఇందులో ప్రతి అక్షరం నిజమని ప్రమాణం చేసి మొదలుపెడుతున్నాను. ఆ ప్రమాణం దేని మీద చెయ్యాలన్నది తేలడానికి కాస్త సమయం పట్టింది. మా ఆవిడ తల మీద చెయ్యి పెట్టబోతే, "నా మీద వద్దండీ, నాకింకా బోలెడు పనులున్నాయి, మీ కారు మీద వేసుకోండి" అని పక్కకి జరిగింది. ఆవిడ భయంలో అర్థం లేకపోలేదు. ఇంటి ముందుకి వచ్చిన ఏనుగంత మూస్ దుప్పిని ఆవకాయ జాడీ మూత తీసి వాసన చూపించి తరిమేశానని మా కెనడా ఊరు రిచ్‌మండ్ హిల్‌లో తెలుగువాళ్ళందరికీ చెప్పుకున్నవాణ్ణి నేను. మా వీధిలోకి ఇంతవరకూ ఉడుతని మించిన జంతువు రాలేదని వాళ్ళందరికీ మళ్ళీ ఫోన్లు చేసి చెప్పింది ఆవిడ. సరే, కారు మీదే ఒట్టు. లీజు కారు కాదు, సొంతమే.

ఇవాళ పొద్దున, మంచు కరిగాక మొదటిసారి కుర్చీ బయట వేసుకుని కాఫీ తాగుతున్నాను. పక్కింటివాళ్ళ గరాజ్ కప్పు మీద ఒక పిట్ట పాడుతోంది. మా అమ్మాయి టోస్టు నములుతూ వచ్చి ఫోను గాల్లోకి ఎత్తింది. ఈమధ్య ఫోన్లు పిట్టల పాట విని పేరు చెప్పేస్తున్నాయి. "అమెరికన్ రాబిన్, డాడ్. వెరీ కామన్" అని ఇంగ్లీషులోనే తీర్పిచ్చి, లోపలికి వెళ్ళిపోయింది. ఫోను చెప్పింది తప్పని అనను. కానీ మా అక్క ఉంటే, పేరు చెబితే సరిపోయిందా, వరస చెప్పొద్దూ అనేది.

మా అక్క పెళ్ళయిన కొత్తలోనే బావ వెంట ఇంగ్లండ్ వెళ్ళింది. బావ యార్క్‌షైర్‌లో ఒక చిన్న ఊరి స్కూల్లో లెక్కల మాస్టారు. అక్కకి అక్కడ మొదట దొరికిన స్నేహం పక్కింటి ముసలావిడ. ఆవిడ ఇంగ్లీషు అక్కకి అర్థమయ్యేది కాదు, అక్క ఇంగ్లీషు ఆవిడకి అర్థమయ్యేది కాదు. అంచేత ఇద్దరూ పిట్టల గురించి మాట్లాడుకునేవారు. అక్కడి పిట్టలు కొత్తకోడళ్ళ లాంటివి, ఓ పట్టాన కంటికి కనపడవు. ఎప్పుడు చూసినా ముసురు, ఎటు చూసినా పొదలు, పొదలోంచి గొంతొక్కటే వినిపిస్తుంది. ఎవరి గొంతు ఏదో గుర్తుండాలంటే ఆ పాటకి మాటలు పెట్టుకోవడం అక్కడివాళ్ళ పద్ధతి. యెల్లోహామర్ అని ఒక పసుప్పచ్చ పిట్ట ఉందట. అది చేల పక్కన కంచె మీద కూర్చుని, కాస్తంత రొట్టె చాలు, చీజ్ వద్దు అంటుందని ముసలావిడ నేర్పింది. చీజ్ అంటే జున్ను అని ఎవరో చెప్పారు అక్కకి. ఈనిన గేదె జున్నుపాలకి వీధంతా తిరిగిన పిల్ల. జున్ను వద్దనే పిట్ట ఉంటుందంటే నమ్మలేకపోయింది. నాలుగు రోజులు ఆ కంచె దగ్గరికి వెళ్ళి విని, తెలుగులోకి మార్చేసింది. "ఇంత, ఇంత, ఇంత, ఇంత, ఇంతే చారూ" అంటుందిట అది. చివరి చారు దగ్గర, గిన్నె అడుగు గోకుతున్నట్టు సాగదీయాలి.

ఇక అక్కడి నుంచి ఆ జిల్లా పిట్టలన్నీ మా కృష్ణా జిల్లా యాసలో మాట్లాడటం మొదలుపెట్టాయి. చిఫ్‌చాఫ్ పొద్దస్తమానం "ఉప్పు, పప్పు, ఉప్పు, పప్పు" అని సరుకులు గుర్తుచేసేది. చాఫించ్ పాట పైన మొదలై గబగబా కిందికి దిగి చివర్లో ఒక్క విసురు విసురుతుంది కదా, దానికి "గబగబ గబగబ మెట్లు దిగీ జారిపడ్డాడోయ్" అని పెట్టింది. చెప్పిందే రెండుసార్లూ మూడుసార్లూ చెప్పే సాంగ్ థ్రష్‌కి మా మేనత్త మాటలు యథాతథంగా ఇచ్చేసింది. "విన్నావా, విన్నావా? చెప్పానా, చెప్పానా, చెప్పానా?" గ్రేట్ టిట్ ఒక్కదానికే తెలుగు అవసరం లేకపోయింది. అది "టీచర్, టీచర్" అంటుందని ఇంగ్లీషువాళ్ళే చెప్పుకుంటారు. ఆదివారం పొద్దున అది కిటికీ దగ్గర మొదలుపెట్టగానే, మీ క్లాసువాళ్ళు వచ్చారు లేవండి అని అక్క బావని నిద్ర లేపేది.

బావకి ఇవేమీ పట్టేవి కావు. పేపరు అడ్డం పెట్టుకుని కూర్చునేవాడు. అక్క ఏ పిట్టని చూపించినా, ఊ, బావుంది అనేవాడు, పిట్ట వైపు కాకుండా క్రికెట్ స్కోరు వైపు చూస్తూ. నన్ను చూస్తే మాత్రం పేపరు దించేవాడు. "ఏరా బామ్మర్దీ, ఇవాళేం అబద్ధం తెచ్చావు?" అన్నది ఆయన పలకరింపు. నా కోతలు చివరిదాకా విని, చివర్లో లెక్కలు వేసి తప్పు పట్టుకునేవాడు. అంత శ్రద్ధగా నా అబద్ధాలు విన్న మనిషి ఇంకొకరు లేరు.

అక్క ఒక్క బ్లాక్‌బర్డ్‌కి మాత్రం మాటలు పెట్టలేదు. దాన్ని నల్లోడు అనేది. వాన వెలిసిన సాయంత్రం వాళ్ళింటి పొగగొట్టం మీద కూర్చుని, ఏ తొందరా లేనివాడు తనకోసం తాను పిల్లనగ్రోవి ఊదుకున్నట్టు పాడేది. నల్లోడు అందుకోగానే అక్క పొయ్యి మీద కుక్కరున్నా కట్టేసేది. బావ ఏదో అడగబోతే చెయ్యెత్తి, "ఉండండి, వాణ్ణి పూర్తి చెయ్యనివ్వండి" అనేది. నేను అమెరికాలో ఉద్యోగం చేస్తున్న రోజుల్లో ఒక వేసవి వాళ్ళింటికి వెళ్ళాను. అక్కడున్నన్నాళ్ళూ మా ముగ్గురి భోజనాలూ నల్లోడు దయ తలిచాకే.

తర్వాత నేను కెనడా వచ్చి పడ్డాను. అక్క కూతురూ చదువై ఇక్కడికే వచ్చి, లండన్‌లో, అంటే మన ఒంటారియో లండన్‌లో, ఆసుపత్రి ఉద్యోగంలో కుదురుకుంది. బావ రిటైరయ్యాక ఇద్దర్నీ పిలిపించుకుంది. ఇంగ్లండ్ నుంచి లండన్ వెళ్ళడానికి అట్లాంటిక్ దాటిన దంపతులు లోకంలో వీళ్ళిద్దరే అని నేను ఎయిర్‌పోర్టులోనే ప్రకటించాను. అక్కకి ఆ మొదటి వసంతం నచ్చలేదు. పొద్దున్నే కిటికీ తీస్తే ఒక్క గొంతూ తెలిసినది కాదు. పెళ్ళికి వెళ్ళి అవతలి పక్షం వాళ్ళ మధ్య కూర్చున్నట్టుందిరా అనేది ఫోన్లో. ఒకరోజు నేను అక్కడుండగానే మేనకోడలు పెరట్లోంచి రాబిన్, రాబిన్ అని కేకేసింది. అక్క ఇంట్లో వేసుకునే చెప్పులతోనే బురదలోకి పరిగెత్తింది. వెళ్ళినంత వేగంగానే తిరిగొచ్చింది.

"ఇదేం రాబిన్‌రా? మన ఇంగ్లండ్ రాబిన్ నిమ్మకాయంత ఉంటుంది. ఇది దాన్ని మింగి కూర్చున్నట్టుంది."

నాకు తెలిసింది చెప్పాను. పాతకాలంలో ఇంగ్లండ్ నుంచి వచ్చినవాళ్ళు ఎర్రరొమ్ము కనపడగానే ఇంటి మీద బెంగతో ఆ పేరే పెట్టేసుకున్నారట. అక్క ముఖం మెత్తబడింది. "పోనీలే పాపం. మనం మాత్రం ఇక్కడ కనపడ్డవాళ్ళందర్నీ అంకులూ ఆంటీ అనుకోవడం లేదూ. ఇదీ వరసకి రాబిన్" అంది. అని, అక్కడే కళ్ళు మూసుకుని విన్నది. ఆ పిట్ట ఒక ముక్క పాడి ఆగడం, మళ్ళీ అందుకోవడం. కాసేపటికి నా చెయ్యి పట్టుకుంది. "వీడి గొంతు నేనెరుగుదునురా. వీడు మన నల్లోడికి బావమరిది." నేను నవ్వాను. ఇంటికొచ్చి వెతికితే, అమెరికన్ రాబిన్ నిజంగానే బ్లాక్‌బర్డ్ కుటుంబంలోదట, ఇంగ్లండ్ రాబిన్‌కి దానికీ ఏ చుట్టరికమూ లేదట. పుస్తకం చూడకుండా, చెవితో వరస కలిపేసింది అక్క. ఆ రోజు నుంచి ఆవిడకి ఈ దేశంలో ఒక చుట్టం ఉన్నట్టయింది.

రెండో శీతాకాలంలో అక్క పోయింది. ఇంగ్లండ్‌లో రాబిన్ డిసెంబరులో కూడా పాడుతుంది, అందుకే అక్కడ చలికాలం అంత ఒంటరిగా ఉండేది కాదు అని ఆసుపత్రి మంచం మీద చెప్పింది. కిటికీ బయట మంచు, ఏ చప్పుడూ లేదు. నేనేదో చెప్పి నవ్వించాలనుకున్నాను. ఎక్కడెక్కడి వాళ్ళనో నవ్వించిన నోరు, ఆ ఒక్క మనిషి దగ్గర ఆ ఒక్కరోజు పెగల్లేదు.

ఆ తర్వాత బావ మర్చిపోవడం మొదలైంది. ముందు కళ్ళద్దాలు, తర్వాత వీధి, తర్వాత అక్క పోయిందన్న సంగతి. ఆ చివరిది మర్చిపోవడం ఆయనకి మేలే అనుకున్నాం. కానీ మాటిమాటికీ, మీ అమ్మ ఇంకా రాలేదేం అని అడిగే తండ్రికి జవాబు చెప్పాల్సిన మేనకోడలి సంగతి మేం ఆలోచించలేదు. ఒకరోజు ఆ పిల్ల ఫోన్ చేసింది. టీవీలో ఏదో ఇంగ్లండ్ తోటల ప్రోగ్రాం వస్తోందట, అందులో చాఫించ్ కూసిందట, నాన్న తలెత్తకుండా, "గబగబ గబగబ మెట్లు దిగీ జారిపడ్డాడోయ్" అన్నాడట. "మావయ్యా, ఇట్ వాజ్ మమ్. ఎగ్జాక్ట్‌లీ మమ్" అంది.

ఆ ఆదివారమే వెళ్ళాను. ఫోన్లో పిట్టల పాటలు పెట్టుకుని బావ పక్కన కూర్చున్నాను. యెల్లోహామర్ పెడితే, "ఇంతే చారూ" వచ్చింది, గిన్నె అడుగు గోకిన సాగతీతతో సహా. థ్రష్ పెడితే మా మేనత్త వచ్చింది. జీవితమంతా పేపరు చాటున కూర్చుని ఈయన వినలేదనుకున్నాం. అన్నీ విన్నాడు. అక్క మాటలే కాదు, అక్క ఎక్కడ ఊపిరి తీసుకునేదో అక్కడే తీసుకుంటున్నాడు. మా ఎవరి దగ్గరా అక్క గొంతు రికార్డు చేసింది లేదు. ఫొటోలున్నాయి, చీరలున్నాయి, గొంతు లేదు. లోకంలో అది మిగిలింది ఈ మర్చిపోతున్న మనిషి దగ్గర. రికార్డు చెయ్యాలని మేనకోడలు ఫోను పట్టుకుంటే, ఇన్‌స్పెక్టరు వచ్చిన క్లాసులో మాస్టారిలా సర్దుకుని కూర్చుని, నోరు విప్పేవాడు కాదు. కాబట్టి వినడం తప్ప దారి లేదు. ప్రతి ఆదివారం తెల్లవారగానే బయల్దేరి, ఫోర్ నాట్ వన్ హైవే మీద ట్రక్కుల మధ్య అంతదూరం డ్రైవ్ చేసుకుంటూ, ఇవాళ ఎవరుంటారు, ఎవరుండరు అని భయపడుతూ వెళ్ళేవాణ్ణి. మొదట చిఫ్‌చాఫ్ పోయింది. ఉప్పూ పప్పూ రెండూ పోయాయి. తర్వాత మేనత్త. చాఫించ్ కొన్నాళ్ళు గబగబా మెట్లు దిగి, కింద పడటం మర్చిపోయింది. తర్వాత మెట్లూ లేవు. చారు వడ్డించడం ఆగిన వారం, వెనక్కి వస్తూ దారిలో ఇక్కడి కేంబ్రిడ్జ్ దగ్గర కారు పక్కకి ఆపుకోవాల్సి వచ్చింది.

నల్లోణ్ణి మాత్రం దాచుకున్నాను. అది పెట్టి ఆయన ఊరుకుంటే ఇక పెట్టడానికి ఏమీ ఉండదు. కిందటి ఆదివారానికి మిగతావన్నీ అయిపోయాయి. బావ కిటికీ దగ్గర కూర్చున్నాడు. మేనకోడలు సింకు దగ్గర గిన్నెలు కడుగుతోంది. ఫోను బల్ల మీద పెట్టి నొక్కాను. నల్లోడు అందుకున్నాడు, ఎప్పటిలాగే తొందర లేకుండా. ఒక ముక్క పాడి ఆగాడు, మళ్ళీ పాడాడు. బావ మెల్లిగా చెయ్యెత్తాడు. అక్క ఎత్తినట్టే, అరచెయ్యి మా వైపు తిప్పి. "ఉండండి, వాణ్ణి పూర్తి చెయ్యనివ్వండి" అన్నాడు. మేం ముగ్గురం నల్లోడు పూర్తిచేసేదాకా కదల్లేదు.

కారు మీద ఒట్టు వేశాను కనక చెప్పక తప్పదు. ఇంతసేపూ నేను చెప్పినవాటిలో ఒకటిన్నర వాక్యం నా సొంతం. బావ చెయ్యెత్తిన మాట నిజం. ఉండండి అన్న మాటా నిజమే. అక్కడితో ఆగిపోయి ఉంటే, అది మా అక్క మాటేనని నమ్ముకుని బతికేసేవాణ్ణి. కానీ ఆయన నా వైపు తిరిగి, గుమ్మంలోకి మొదటిసారి వచ్చిన మనిషితో మాట్లాడే మర్యాదతో, "ఉండండి, కాఫీ తాగి వెళ్దురుగాని" అన్నాడు. పెళ్ళి పీటల మీద నుంచే నన్ను ఏరా అని పిలిచిన మనిషి. బల్ల మీద పిట్ట పాడుతూనే ఉంది, ఆయన అటు చూడనైనా లేదు. మేనకోడలు వెనక్కి తిరగలేదు, కుళాయి మాత్రం కట్టేసింది. నేను, అలాగేనండీ అన్నాను. ఆ పిల్ల కాఫీ కలిపింది, తాగాను, బావుందండీ అని కూడా అన్నాను. కాలం అన్నీ ఒకేసారి పట్టుకుపోదు కాబోలు, వరసలన్నీ ఒక్కొక్కటే తీసుకెళ్ళిపోయాక కూడా, వచ్చినవాడికి కాఫీ ఇచ్చి పంపాలన్న మర్యాదని చివరిదాకా ముట్టుకోకుండా వదిలేస్తుంది.