పెళ్లికార్డు మూలన గళ్లబొమ్మ

ఆ రోజుల్లో అని మొదలుపెడితే లాంతర్ల కాలం అనుకునేరు. నేను చెప్పేది టీ కొట్టు బల్లకు కూడా క్యూఆర్ కోడ్ అతికించడం మొదలైన రోజుల మాట. అప్పుడు నాకు ముప్పై ఎనిమిదేళ్లు, నిండు పడుచుతనం. దాన్ని పడుచుతనం అంటుందేమిటీవిడ అని నవ్వకండి. పెళ్లితో బీరువా ఎక్కిన డిగ్రీ పట్టా కిందికి దిగింది అప్పుడే, మొదటి ఉద్యోగమూ అప్పుడే, కాబట్టి నా యవ్వనమూ అప్పుడే (ఒప్పుకోనివాళ్లు వాదనకు రావచ్చు, ఖాళీగానే ఉన్నాను). నరసరావుపేటలో పెళ్లికార్డులు వేసే చిన్న ప్రెస్సు. యజమాని పెద్ద వయసు సాయిబుగారు; ఊరంతా ప్రెస్సు బాబాయ్ అనేది, నేనూ అలాగే పిలిచాను. కంప్యూటర్లో డిజైన్ చేయడం నేర్చుకున్నానంటే ఎగాదిగా చూసి, "ఈ పెళ్లిళ్ల సీజన్ అయిందాకా చూస్తానమ్మాయ్. కుదిరితే ఉందువు, లేకపోతే నీ ఇల్లు నీకుండనే ఉంది" అన్నాడు. ఇల్లు ఉండనే ఉంది, నా భయమూ అదే. "నెల తిరక్కుండా వాళ్లతో పోట్లాడి వస్తావు" అని మా ఆయన అప్పటికే జోస్యం చెప్పి ఉన్నాడు. ఆ జోస్యం ఫలించకూడదన్నదే నా జీవితాశయం.

ఒకరోజు రొంపిచెర్ల వైపు నుంచి ఒక మాజీ ప్రెసిడెంటుగారు కూతురి పెళ్లికార్డుకు వచ్చారు. మండపం కొత్తది, పొలాల మధ్య ఉంది. "కార్డు మీద ఫోన్ పెడితే దారి చూపియ్యాల" అంటూ తన ఫోన్లోని గళ్లబొమ్మ, అదే క్యూఆర్ కోడ్, పంపి వెళ్లారు. ఎన్ని ఫోన్లు మారి వచ్చిందో ఆ జేపెగ్ ఫైలు! పెద్దది చేసి చూస్తే గళ్ల అంచులన్నీ వాన తుంపర పడ్డ ముగ్గులా చెదిరిపోయి ఉన్నాయి.

"ఇది పనికిరాదు బాబాయ్. ఎస్‌వీజీ కావాలి."

"బొమ్మ బొమ్మే గదా. బొమ్మల్లో గూడా కులాలున్నయ్యా ఏంది?"

"కులాలు కాదు, గుణాలు. జేపెగ్ ఫొటోలకు మంచిది. పెళ్లికూతురి బుగ్గ నున్నగా కనపడాలంటే అదే వాడదాం. దీనికేమో అంచులు కత్తితో కోసినట్టుండాలి. ఎస్‌వీజీ అయితే గోరంత చేసినా గోడంత చేసినా చెదరదు."

"గోడంత ఎందుకమ్మా, కార్డే జానెడు లేదు!"

అయినా నేను ఊరుకుంటానా! మండపం లింకు తెప్పించి, కోడ్ కొత్తగా తయారుచేసి, నిగనిగలాడే ఎస్‌వీజీని కార్డు మీదికి ఎక్కించాను. ఎక్కడ పెట్టాలన్న దానిమీద మళ్లీ యుద్ధం. "ఎనకమాల ఎయ్యి" అన్నాడు బాబాయ్. "వెనక ఎవరు చూస్తారు?" అని ముందువైపు, కుడిచేతి పై మూలన పెట్టాను. అచ్చయ్యాక ఫోన్ పెడితే రెప్పపాటులో దారి వచ్చింది. బాబాయ్ తల ఊపాడు. ఉద్యోగం ఖాయమైనట్టే అనిపించి ఆ సాయంత్రం ఇంట్లో కాస్త గొంతు పెంచి మాట్లాడాను.

నాలుగు రోజులు గడిచాయో లేదో, ప్రెసిడెంటుగారు ఒక కార్డు తెచ్చి బల్ల మీద కొట్టారు. "ఏందయ్యా ఇది? ఒక్క ఫోన్లో గూడా పలకట్లా! మా వియ్యంకుడి ముందు తల తీసేసినట్టయింది."

"ఎస్‌వీజీ అండీ, చెదిరే ప్రశ్నే లేదు..." అంటూ నేను పాఠం ఎత్తుకుంటూనే కార్డు చేతిలోకి తీసుకున్నాను. నాలుగు మూలలా బొటనవేలంత పసుపు ముద్దలు, వాటి మీద కుంకుమ. ఆ గళ్లబొమ్మ మూలల్లో ఉండే పెద్ద చదరాలు మూడూ కనపడితేనే ఫోన్ దాన్ని గుర్తుపడుతుంది. అందులో ఒకటి పసుపు కింద హాయిగా నిద్రపోతోంది. నా పెళ్లికార్డులకు కూర్చుని పసుపు పెట్టినదాన్ని నేనే కదా! చేతులకు రాసుకున్నది బుర్రకు ఎక్కకపోతే ఎవరేం చేస్తారు?

"ఎవురు పెట్టమన్నారు మూలన?" అని ఆయన గర్జించారు.

నేను నోరు తెరిచేలోపే బాబాయ్ అన్నాడు: "నేనేనండీ. అమ్మాయి వద్దంటానే ఉంది. వయసైపోయింది గదా, నాకే తట్టలా. కోడ్ చిన్న స్టిక్కర్లేసి ఇస్తాం, కార్డు ఎనకమాల అంటిచ్చుకోండి."

ప్రెసిడెంటుగారు గొణుగుతూ కూర్చుని, స్టిక్కర్లు తీసుకునే వెళ్లారు. ఆయన మెట్లు దిగగానే నేను బాబాయ్ మీద పడ్డాను (కృతజ్ఞత చెప్పడం మా వంశంలో లేదు). "నా తప్పు మీరెందుకు నెత్తిన వేసుకున్నారు? నా మాట నేను చెప్పుకోలేనా?"

ఆయన కళ్లజోడు తుడుచుకుంటూ, "సీజన్ ఇంకా చానా ఉందమ్మాయ్. రేపు పెందలాడే వచ్చి కొట్లాడు" అన్నాడు.

సీజన్లు చాలానే గడిచాయి. ఆ ప్రెస్సు ఇప్పుడు లేదు, కిందటేడు బాబాయీ వెళ్లిపోయాడు. కార్డులు ఫోన్లలోనే వస్తున్నాయి, పసుపు పెడదామంటే వాటికి మూలలే లేవు. నేను ఇంట్లోనే కూర్చుని డిజైన్లు చేస్తాను. జేపెగ్ వద్దంటే పని ఇచ్చేవాళ్లు "సరే మేడమ్" అంటారు, ఎస్‌వీజీ అంటే బొటనవేలు ఎత్తిన బొమ్మ పంపుతారు. ఎదురు మాట్లాడే నాథుడు లేడు. ఒక్కోసారి కావాలనే తప్పు చెప్పి చూస్తాను, దానికీ సరేనంటారు. బాబాయ్ నా తప్పు నెత్తిన వేసుకున్న ఆ రోజు సాయంత్రం, ఇంటికి వచ్చే ఆటోలో పక్కన కూర్చున్న పూలావిడ అడిగింది, "ఏందమ్మా, ఒకటే నవ్వుకుంటన్నావు?" అని. "రేపు గూడా పనికి రమ్మన్నారు" అన్నాను. అదేం పెద్ద సంగతో ఆవిడకు అర్థం కాలేదు. ముప్పై ఎనిమిదేళ్ల ఆ పిల్లకు మాత్రం దారి పొడుగునా నవ్వు ఆగలేదు.