హస్తబీర్ పున్ ఉప్పు తినని రోజు

మా ఊళ్లో పతకం ఉన్నది హస్తబీర్ పున్ కాకాకి ఒక్కడికే. శత్రువుల మెషిన్ గన్ మీదికి ఒంటరిగా ఎక్కిపోయి దాన్ని ఆపేశాడని ఇచ్చారు. ఏటా ఆ పోరు జరిగిన రోజున, ఆయన పనిచేసిన సైన్యపు పల్టన్ నుంచి ఒక అఫ్సర్ వచ్చి ఆయన మెడలో బంతిపూల దండ వేస్తాడు. తర్వాత నా టీకొట్టు ముందు అందరికీ మేకమాంసంతో భోజనం. వంట నాదే. కాకాకి మాత్రం ఇంటి నుంచి చిన్న గిన్నెలో పప్పు, అన్నం వస్తాయి.

ఆ గిన్నె మీదే నా కన్ను. ఊరంతా నా వంట లొట్టలేసుకుంటూ తింటుంటే ఈయనకేం వచ్చిందని ఒళ్లు మండేది. ఈసారి ఉండబట్టలేక, మూత తీసి చెంచాడు పప్పు అరచేతిలో వేసుకుని చూశాను. ఉప్పు లేదు.

"ఏం కాకా, బీపీనా?" అన్నాను.

"అదేం లేదు."

"మరి ఇంట్లో కాకీ అలిగి ఉప్పు వేయడం మానేసిందా?"

అందరూ నవ్వారు. ఆయన నవ్వలేదు. "మా మీత్ పోయిన రోజు కదమ్మా," అన్నాడు.

నవ్వులు ఆగిపోయాయి. దేవుడి ముందు ప్రమాణం చేసి అన్నదమ్ముడిగా కలుపుకున్న స్నేహితుడే మీత్. అతను పోతే సొంత అన్న పోయినట్టే మైల పట్టాలి, ఉప్పు మానాలి. కాకా మీత్ పేరు నరజిత్. ఇద్దరూ కలిసే పల్టన్‌లో చేరారు, కలిసే ఆ కొండ ఎక్కారు. తిరిగొచ్చింది ఒక్కడే, పతకమూ ఆ ఒక్కడికే. నరజిత్‌కి ఏమీ రాలేదు గనక భయపడి వెనక్కి పరుగెత్తి ఉంటాడని ఊరు గుసగుసలాడింది. అతని తల్లి తులసా ఆమా ఆ మాటలు వింటూనే ముసలిదైపోయింది. ఈ విందుకి ఏనాడూ రాలేదు. కాకా కూడా ఆమె గడప తొక్కలేదు. ఎందుకో నాకు అంతుపట్టేది కాదు.

కడుపులో మాట దాచుకోవడం నా వల్ల కాదు. వడ్డన పక్కింటామెకి అప్పగించి, నేరుగా ఆమా ఇంటికి వెళ్లి ఉప్పు సంగతి చెప్పేశాను. మొక్కజొన్నలు ఒలుస్తున్న ఆమా చేతిలో కంకి పక్కన పెట్టేసింది. తర్వాత చేతికర్ర అందివ్వమంది.

విందు దగ్గరికి వచ్చిన ఆమెను చూడగానే కాకా లేచి నిలబడ్డాడు. అఫ్సర్ ముందు కూడా అంత బిగుసుకుపోలేదు.

"ఇన్నేళ్లూ మా ఇంటికి ఎందుకు రాలేదు నువ్వు?" అంది ఆమా.

"మా మీత్‌ని మోసుకురాలేకపోయాను ఆమా. ఏ మొహం పెట్టుకుని రాను?"

"అది నేనడిగానా? ముందు వెళ్లింది ఎవరో చెప్పు. అది తెలియకుండానే నన్ను చావమంటావా?"

కాకా తెల్లబోయాడు. ఊరి గుసగుసలు ఆయన చెవిన పడనే లేదు. పతకం ఉన్నవాడి ముందు అలాంటివి ఎవరంటారు?

"ఆయనే ఆమా. నన్ను రాయి చాటున ఉండమని తను పాక్కుంటూ వెళ్లాడు. గన్ ముందే పడిపోయాడు. నేను వెళ్లింది ఆయన్ని తెద్దామనే. ఆ గన్ అడ్డమొచ్చింది. దాన్ని ఆపి ఆయన దగ్గరికి చేరేలోపే నాకూ తూటా తగిలింది. కళ్లు తెరిచేసరికి ఆస్పత్రిలో ఉన్నాను."

నేను ఏడ్చేశాను, దాచడం దేనికి.

ఆమా నా పొయ్యి దగ్గరికి వెళ్లి చిటికెడు ఉప్పు తెచ్చి కాకా గిన్నెలో వేసింది. తన చేత్తోనే కలిపి ముద్ద అందించింది.

"తిను. మా ఇంట్లో మైల ఎప్పుడో తీరింది. నీకే తీరలేదు."

కాకా ముద్ద నోట్లో పెట్టుకున్నాడు. ఆమా మా అందరి వైపూ ఒకసారి చూసింది.

"ఇప్పుడు ముందు వెళ్లింది ఎవరో మళ్లీ చెప్పు నాయనా," అంది. "వెనక వరస వాళ్లకి వినపడలేదు."

కాకా ముద్ద మింగి, గట్టిగా చెప్పాడు.