పేడనీళ్లు పడని చొక్కా

వంతల మంగ్లు ఎమ్మెల్యే కాకముందు తుడుము వాయించేవాడు. ఈ సంగతి ముందే చెప్పాలి. లింబగుడ జనం అతనికి ఓటేసింది పార్టీ జెండాని చూసి కాదు, ఆ చేతుల్ని చూసి.

అరకు కొండల్లో పెళ్లయినా పండగయినా థింసా ఆట ఉండాల్సిందే. ఆటకి తుడుము ఉండాల్సిందే. మంగ్లు దెబ్బ వేశాడంటే పొయ్యి ముందు కూర్చున్న ముసలమ్మలు కూడా గరిటె పడేసి వరసలో చేరిపోయేవారు. చిన్నప్పుడే తల్లి పోతే అతన్ని పెంచింది అప్ప సోములమ్మ. తన మేకని కోసి, మాంసం ఊరికి పంచి, తోలు మాత్రం తమ్ముడి తుడుముకని దాచింది. "ఈ గుంటడికి కూడు లేపోయినా పర్లేదు, తోలుంటే సాలు" అని అందరితో చెప్పేది. చెప్పేటప్పుడు విసుగు నటించేది గానీ, లోపల పొంగిపోయేది.

మంగ్లు ఆశ్రమ పాఠశాలలో పదో తరగతి దాకా చదివాడు. తొంభై అయిదులో సర్పంచి అయ్యాడు. మరో నాలుగేళ్లకి పార్టీవాళ్లు మైదానం నుంచి కార్లేసుకొచ్చి టికెట్ ఇస్తామన్నారు. ఎందుకిచ్చారంటే పెద్ద రహస్యమేమీ లేదు. ఏజెన్సీ సీటుకి పార్టీలు మనిషిని వెతకవు, తలూపే మెడని వెతుకుతాయి. సోములమ్మకి ఇదంతా తెలియదు. ఆమెకి తెలిసిందల్లా కొండ.

జాకరమ్మ కొండ. పైన దేవత రాయి. కింద సిల్వర్ ఓక్ చెట్ల నీడన కాఫీ తోటలు, చెట్లకి పాకిన మిరియం. ఇంకా కింద ఊట. లింబగుడ పొలాలకి ఆ ఊట నీరే ఆధారం. సోములమ్మ కాఫీ మొక్కలూ ఆ వాలులోనే ఉన్నాయి. కొన్నేళ్లుగా ఎవరెవరో యంత్రాలతో వచ్చి కొండకి బొక్కలు పెట్టి, ఎర్రమట్టి సంచుల్లో పట్టుకుపోతున్నారు. మట్టిలో బాక్సైట్ ఉందట, కంపెనీ వచ్చి కొండని తవ్వేస్తుందట అని సంతలో ఒకటే గుసగుసలు.

ఎన్నికలప్పుడు సోములమ్మ ఆ కొండ చుట్టూ ఉన్న గూడేలన్నీ కాలినడకన తిరిగి తమ్ముడికి ఓట్లడిగింది. సొంత ఊళ్లో మాత్రం పక్కింటి రత్నాలు అడ్డం తిరిగింది.

"ఓట్లకి అందరూ వత్తారే. గెలిసినోడు మల్లీ ఎప్పుడైనా అవుపడ్డాడా? నీ తమ్ముడేటి, బంగారమా?"

"ఆడు నా సేతి కూడు తిన్నోడే."

"కూడు అందరూ తింటారు. రేపు కొండ తవ్వీసేరనుకో?"

"తవ్వితే నా మొకాన ఉమ్మే. నీ నోట్లో ఎంతుంటే అంతా ఉమ్మీ."

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. రత్నాలూ నవ్వింది. ఓటూ వేసింది. ఓట్లకి ముందే, ఆ మాటలైన మర్నాడు మంగ్లు జాకరమ్మ రాయి ముందు నిలబడి, చేతులు నొప్పెట్టేదాకా తుడుము వాయించి మాటిచ్చాడు. "ఈ సప్పుడు ఇక్కడెలా ఇనబడతాందో, అసెంబ్లీలోనూ అలాగే ఇనిపిత్తాను. కొండ మీద ఎవుణ్నీ సెయ్యెయ్యనీను."

గెలిచాడు. మొదట్లో బాగానే ఉన్నాడు. ఊళ్లో బోరు వేయించాడు. ఏటా చైత్రంలో వచ్చే ఇటుకల పండక్కి తప్పకుండా వచ్చి తుడుము అందుకునేవాడు. తర్వాత విశాఖపట్నంలో ఇల్లు వచ్చింది. పిల్లలు అక్కడే కాన్వెంటులో చేరారు. ఒంటి మీదికి గంజి పెట్టిన తెల్ల చొక్కా ఎక్కింది. పండక్కి తప్ప ఊరి మొహం చూడటం మానేశాడు. రత్నాలు దెప్పినప్పుడల్లా సోములమ్మ ఊరుకునేది కాదు.

"సొక్కా తెల్లబడితే ఏటే? సెయ్యి నల్లగానే ఉంది కదా."

రెండువేల రెండులో, పండగ ఇంకా కొద్ది వారాలుందనగా మంగ్లు నుంచి కబురొచ్చింది. ఈ శుక్రవారం అసెంబ్లీలో కొండ సంగతి వస్తుంది, టీవీలో చూపిస్తారు, అందరూ చూడండి అని. శుక్రవారమంటే అరకు సంత. ఆ రోజు లింబగుడలో ముసలివాళ్లు కూడా ఇంట్లో ఉండలేదు. సోములమ్మ పండక్కని దాచుకున్న చీర కట్టుకుని, చింతపండు గంప నెత్తిన పెట్టుకుని అందరికంటే ముందు నడిచింది.

సంత వీధిలో టీవీ ఉన్నది భాస్కరరావు కొట్లో. మైదానం నుంచి వచ్చి స్థిరపడిన వ్యాపారి. వీళ్ల దగ్గర మిరియం, పసుపు కొంటాడు, వీళ్లకే ఉప్పూ బట్టలూ అమ్ముతాడు.

"ఏటే సోములమ్మా, కొట్టు నిండా మీరే నిలబడితే నా బేరం ఏటవ్వాల?"

"ఇయాల్టికి నీ బేరం కట్టీ సావుకారీ. మా తమ్ముడు మాటాడతాడు."

తెర మీద ఎవరో మంత్రి లేచి కాగితం చూసి చదువుతున్నాడు. ఆ పుస్తకాల తెలుగు, పైగా సంత గోల. ఒక్క ముక్క కూడా ఎవరికీ అందలేదు. ఉన్నట్టుండి బొమ్మ మారింది. మంగ్లు! తెల్ల చొక్కా, మెడలో కండువా. అందరూ చూస్తుండగా రెండు చేతులూ ఎత్తి ఎదురుగా ఉన్న బల్ల మీద దబదబా కొట్టాడు.

కొట్టు దద్దరిల్లింది.

"వాయిత్తన్నాడే! మనోడు వాయిత్తన్నాడు!" రత్నాలు గంతేసింది. "మాటిచ్చినట్టే వాయిత్తన్నాడు! బేగి రండర్రా, సూడండి!"

బయట బేరాలు వదిలేసి జనం తోసుకొచ్చారు. ఆడవాళ్లు ఒకరి నడుము వెనక ఒకరు చేతులు కలిపి, ఉప్పు బస్తాల మధ్యనే థింసా మొదలెట్టారు. సోములమ్మ ఆడలేదు. ఆమె కళ్లు తమ్ముడి చేతుల మీద ఉన్నాయి. ఇది ఏ ఆట దెబ్బ? పెళ్లిదా? పండగదా? ఏదీ కాదు. వాడి పక్కవాళ్లూ అలాగే కొడుతున్నారు, వెనక వరసవాళ్లూ అలాగే కొడుతున్నారు. అందరి చేతుల్లో వాడి చేతులేవో పోల్చుకోలేనట్టుగా ఉంది.

"సావుకారీ, ఆడేటి సేత్తన్నాడు?"

భాస్కరరావుకి నవ్వాగలేదు. "ఓలమ్మ ఓలమ్మ! అది వాయించడం కాదే. అక్కడ బల్ల సరిసేరంటే ఒప్పుకున్నట్టు. కొండని కంపెనీకి ఇత్తన్నాం, అక్కడి జనానికి ఇష్టమే, ఆళ్ల ఎమ్మెల్యే కూడా ఇక్కడే ఉన్నాడు అన్నాడు మంత్రి. మీవోడు అవునవునని సరిసేడు." అప్పుడు సోములమ్మ మొహం చూశాడు. నవ్వు మింగేశాడు. "నాకేటి తెలుసు, ఇన్నది సెప్పేను" అంటూ తక్కెడ వైపు తిరిగిపోయాడు.

ఆట ఒక్కసారిగా ఆగలేదు. మాట ఎవరి చెవిన పడితే వాళ్లు వరసలోంచి చెయ్యి వదిలేశారు. అందరికంటే చివర ఆగింది రత్నాలు. వచ్చి సోములమ్మ ఎదురుగా నిలబడింది. సోములమ్మ మొహం పైకెత్తి కళ్లు మూసుకుంది. రత్నాలు ఉమ్మలేదు. కింద ఉన్న గంప తీసి ఆమె నెత్తికెత్తింది.

ఉమ్మితే బాగుండేది.

ఆ తర్వాత సోములమ్మ చుట్టుపక్కల గూడేల దారి తొక్కలేదు. ఏ గుమ్మంలో నిలబడి ఓటడిగిందో ఆ గుమ్మాన్ని ఏ మొహంతో దాటుతుంది? మంగ్లు నుంచి కబురు లేదు. పండగొచ్చింది.

ఇటుకల పండగంటే వేట పండగ. మగవాళ్లు విల్లంబులు పట్టుకుని అడవికి పోతారు. ఆడవాళ్లు రోడ్డుకి అడ్డంగా వెదురు గడ కట్టి, వచ్చేపోయే బళ్లని ఆపి చందా అడుగుతారు. వేట దొరక్క ఉత్త చేతులతో తిరిగొచ్చిన మగాడికి ఊరి మొదట్లోనే పేడనీళ్ల స్నానం. తిట్లు, ఎగతాళి, పరుగులు. అంతా అయ్యాక అదే మనిషికి జీలుగు కల్లు పోస్తారు, ఆటలో పక్కన చోటిస్తారు. ఒంటి మీద పేడ ఆరేలోపు సిగ్గూ ఆరిపోతుంది. ఆ సాయంత్రమే కాదు, ఇంకెప్పుడూ ఆ మాట ఎవరూ ఎత్తరు.

ఆ రోజు జీపు వచ్చి గడ ముందు ఆగింది. డ్రైవరు హారన్ కొట్టబోతే వద్దని మంగ్లు దిగాడు. ఎప్పుడూ ఎదురెళ్లే ఆడవాళ్లు నిలబడ్డచోటే నిలబడ్డారు. అతను గడ పక్కన పేడనీళ్ల కుండలు చూశాడు. మొహం తేలికపడింది. ఏం చేస్తే ఇది అయిపోతుందో అతనికి తెలుసు. రెండు చేతులూ చాచి నిలబడ్డాడు.

"అప్పా, ఉత్త సేతుల్తో వచ్చేను. పోసీండి. ఎంతుంటే అంతా పోసీండి."

"బల్ల కొట్టేవు కదా" అంది రత్నాలు.

"సేత్తో కొట్టేను గానీ నోటితో ఏటీ అన్లేదు. అందరూ కొడతంటే నేనొక్కణ్నే సేతులు ముడుసుకుని కూకుంటే మల్లీ టికెట్టిత్తారా? టికెట్ లేపోతే మీకు నేనేటి సెయ్యగల్ను? అప్పా, నువ్వయినా సెప్పు."

రత్నాలు కుండ ఎత్తింది. సోములమ్మ ఆమె మణికట్టు పట్టుకుంది.

పేడనీళ్లు పోస్తే వీడు నవ్వుతాడు. అందరూ నవ్వుతారు. ఊట దగ్గరికెళ్లి ఒళ్లు కడుక్కుని, ఇంట్లో చూరుకి వేలాడే తుడుము తీసి వాయిస్తాడు. తనే ముందు లేచి ఆడుతుంది, ఆడకుండా ఉండటం తన వల్ల కాదు. చీకటి పడేసరికి వీడు మళ్లీ మన మంగ్లు. కొండ మాత్రం కంపెనీది.

ఆమె చందా పళ్లెం అందుకుంది.

"ఏ ఊరు బాబూ మీది?"

మంగ్లుకి అర్థం కాలేదు. "అప్పా?"

"పండగ సందా బాబూ. మీకు తోసింది ఇయ్యండి. బళ్ల మీద వచ్చినోళ్లందర్నీ అడుగుతాం."

పుట్టి బుద్ధెరిగాక ఆ నోట 'ఒరే' తప్ప మరో పిలుపు విన్నవాడు కాదు. చాచిన చేతులు మెల్లగా కిందికి వాలాయి. "అప్పా, అలా అనకు. పేడ పొయ్యి. దణ్నం పెడతాను, పొయ్యప్పా."

"అది మా మగోళ్లకండి" అంది సోములమ్మ.

చివరికి డ్రైవరే జేబులోంచి నోటు తీసి పళ్లెంలో వేశాడు. సోములమ్మ దాన్ని కళ్లకద్దుకుంది. అరకు చూడ్డానికి వచ్చే టూరిస్టులకి పెట్టినట్టే మంగ్లు నుదుట బొట్టు పెట్టింది. వెనక్కి నడిచి గడ పైకెత్తింది.

అప్పుడే కొండ మీంచి కేకలు వినబడ్డాయి. ఊరి మగవాళ్లు దిగుతున్నారు. చేతుల్లో ఒక్క కుందేలయినా లేదు. ఆడవాళ్లు కుండలెత్తుకుని ఎదురు పరిగెత్తారు. గడని రాటకి కట్టేసి సోములమ్మ కూడా పరిగెత్తింది. మొదటి కుండ తన మొగుడి నెత్తిన ఆమే బోర్లించింది. "సచ్చినోడా, అడవిలో నిద్దరోయేవా?" అని తిట్టింది. అతను మొహం తుడుచుకుంటూ నవ్వాడు. ఊరంతా నవ్వింది. ఎవరో సోములమ్మ ఇంట్లోంచి తుడుము తెచ్చి దెబ్బ వేశారు. దెబ్బ బాగా లేదు. అయినా వరస కలిసింది.

గడ ఎత్తే ఉంది. జీపు ఇంజను ఆడుతూనే ఉంది. మంగ్లు రోడ్డు మీద దిగినచోటే నిలబడి ఉన్నాడు. అటూ ఇటూ అంత పేడ చిమ్ముతోంది గానీ, అతని చొక్కా మీద ఒక్క చుక్క కూడా పడలేదు.