అవ్వ కోసం దాచిన కూర

దయ్యాలున్నాయని నేనెప్పుడూ నమ్మలేదు. అర్ధరాత్రి వంటింట్లో గిన్నె కదిలితే ఎలుకను తిట్టుకుని అటు తిరిగి పడుకునే మనిషిని. ఇది చదివి, పాపం భయపడినట్టుంది అనుకోకండి. ఆ రోజు నాకు భయం వేయలేదు, కోపం వచ్చింది. రెండేళ్లయినా చల్లారలేదు కాబట్టి రాస్తున్నాను.

మాది సిద్దిపేట. ఆ ఎండాకాలం మా అమ్మ మా ఇంట్లోనే ఉంది. మేం ఆమెను అవ్వ అని పిలుస్తాం. మంచం పట్టి అప్పటికి రెండు నెలలు. దవాఖానలో చూపిస్తే వయసు మీద పడింది, ఏది తింటానంటే అది పెట్టండి అన్నారు. ఆమె తినేది రెండు చెంచాల గంజి. అది కూడా నేను బతిమాలి, తిట్టి, ఒక్కోసారి ఏడ్చి తాగించేదాన్ని.

ఒక ఆదివారం మా ఆయన, వాళ్లన్న కలిసి కొండపాక దగ్గర ఒక మామిడితోటకు పోదామని తేల్చారు. తోట మా బావగారి స్నేహితుడిది. కారులో అరగంట. నాకూ కాస్త రెస్టు దొరుకుతుందన్నాడు మా ఆయన. నేను రానన్నాను. అప్పుడు మంచంలోంచి అవ్వ అడిగింది.

"గా తోటల నాటుకోడి దొరుకుతదా బిడ్డా? కూర తినబుద్ధైతుంది. పల్సగ చేస్కరా."

రెండు నెలల్లో ఆమె నోరు తెరిచి అడిగిన తిండి అదొక్కటే. పక్కింటామెను అవ్వ దగ్గర కూర్చోబెట్టి బయల్దేరాను.

ఇక ఆ రెస్టు సంగతి. మగవాళ్లు చెట్టు నీడన జంపఖానా పరుచుకుని పేకముక్కలతో పత్తాలాట మొదలుపెట్టారు. మా తోటికోడలికి పొగ పడదట. మూడు రాళ్ల పొయ్యి ముందు నేనూ, తోట చూసుకునే యాదమ్మా మిగిలాం. రెండు నాటుకోళ్లు, ఇంతమందికి బగారా అన్నం. నా నడుం విరుగుతుంటే మా బావగారు కాళ్లు చాపుకుని, పల్లె గాలే వేరు అన్నాడు. ఒళ్లు మండిపోయింది. ఆ గాలిలో సగం నా పొయ్యి పొగే.

వడ్డించక ముందే అవ్వ వాటా తీసిపెట్టాను. లేకపోతే ఒక్క ముక్క మిగిల్చే రకాలు కారు. కాలు ముక్క, కార్జం, ఇంకో రెండు మెత్తటి ముక్కలు, పైన పల్చటి పులుసు. స్టీలు డబ్బాలో పోసి క్లిప్పులు బిగించి గుడ్డసంచిలో పెట్టాను. యాదమ్మ పొయ్యి పక్కన చల్లారిన బొగ్గు ముక్క ఒకటి తెచ్చి సంచిలో డబ్బా మూత మీద ఉంచింది.

"కూర ఉత్తగ తీస్కపోవద్దక్కా. తొవ్వల ఎవలి ఆకలి ఎట్లుంటదో."

మా చిన్నప్పుడు బెజ్జంకిలో అవ్వ కూడా మాంసం కూర ఊరు దాటిస్తే దయ్యాలు ముట్టకుండా ఇలాగే బొగ్గు పెట్టేది. సరేలే అనుకున్నాను.

మూడున్నరకు నేనూ మా ఆయనా బయల్దేరాం. మిగతావాళ్లు అక్కడే ఉన్నారు. గేటు తీసి మళ్లీ కారెక్కుతూ మా ఆయన నా ఒళ్లోని సంచిలోకి తొంగిచూశాడు.

"డిగ్రీ చదివినవ్. బొగ్గు పట్కొని తిరుగుతవా?"

రెండు వేళ్లతో తీసి కిటికీలోంచి విసిరేశాడు. అది గేటు పక్కన దుమ్ములో పడడం చూశాను. నేనూ నవ్వాను. ఈ మాట రాయడానికి చెయ్యి రావడం లేదు, కానీ నవ్వాను.

ఇక్కడి నుంచి ఉన్నదున్నట్టు చెప్తాను. కారు దారిలో ఎక్కడా ఆగలేదు. సంచి నా ఒళ్లోంచి కదల్లేదు. నేను కునుకు తీయలేదు. మొదట డబ్బా వేడి చీరలోంచి తొడకు తగిలింది, కారంతా కూర వాసన. ఊళ్లోకి వచ్చేసరికి వాసన తగ్గింది. కిటికీ తెరిచి ఉంది కదా అనుకున్నాను.

ఇంటికి వచ్చేసరికి అవ్వ లేచి గోడకు ఆనుకుని కూర్చుంది. ఒళ్లో పళ్లెం. కుడిచెయ్యి కడుక్కుని, దేనికీ తగలకుండా పట్టుకుంది. అరగంటగా అట్లాగే ఉందని పక్కింటామె చెప్పింది.

ఆమె ముందే క్లిప్పులు తీశాను. డబ్బా ఖాళీ. పులుసు ఒలకలేదు, సంచి పొడిగానే ఉంది. లోపల నూనె జిడ్డు కూడా లేదు, తోమి ఎండలో పెట్టినట్టుంది. అడుగున ఒక బొగ్గు ముక్క.

అదే బొగ్గని ఒట్టేసి చెప్పలేను. బొగ్గులన్నీ ఒకలాగే ఉంటాయి.

డబ్బా మారిపోయి ఉంటుందన్నాడు మా ఆయన. మూత మీద నా పేరు చెక్కి ఉంది, చూపించాను. తోటకు ఫోన్ చేశాం. అక్కడ వేరే డబ్బా లేదు, కూర చుక్క మిగల్లేదు. బొగ్గు పెట్టి పంపాను కదా అక్కా అని యాదమ్మ అడిగితే ఫోన్ పెట్టేశాను.

అవ్వ డబ్బాలోకి ఒకసారి చూసి చెయ్యి వెనక్కి తీసుకుంది.

"ఎవలికో శాన ఆకలైనట్టుంది. పోనీ తియ్ బిడ్డా."

ఎందుకు పోనివ్వాలి? ఎవరికో ఆకలైతే మా అవ్వ పస్తుండాలా? ఆ రాత్రి బ్రాయిలర్ కోడి తెచ్చి వండాను. వాసన చూసి మొహం తిప్పుకుంది. మర్నాడు ఊరంతా తిరిగి నాటుకోడి తెచ్చాను. అప్పటికి తినాలన్న బుద్ధి పోయింది. మళ్లీ ఏదీ అడగలేదు. తొమ్మిదో రోజున పోయింది.

మా ఆయన ఇప్పుడు ఎక్కడి నుంచి మాంసం తెచ్చినా సంచిలో బొగ్గు పెట్టుకుని వస్తాడు. ఆ సంచి చూస్తే నాకు అరికాలి మంట నెత్తికెక్కుతుంది.

డబ్బా ఎట్లా ఖాళీ అయిందో నాకు ఇప్పటికీ తెలియదు. ఎంత ఆలోచించినా లెక్క తేలడం లేదు. దయ్యమే అయితే, అది ఎప్పుడైనా నా ఎదుటికి వస్తే, నేను పరిగెత్తను. కొంగు నడుముకు దోపుకుని ఒకటే అడుగుతాను. చెయ్యి కడుక్కుని కూర్చున్న మనిషికి ఒక్క ముక్కైనా మిగల్చకపోయావా అని.