సామి పటం ముందరి లైటు

తిరుచానూరు రోడ్డులో ఇరవై ఏళ్లుగా కార్ల కరెంటు పని చేస్తున్నాను. ఒక డ్రైవరు బండి పాడు చేశాడని నా అంగట్లో నలుగురి ముందు నేను చెప్పిన మాట తప్పు. పాడు చేసింది నేను. ఆ సంగతి ఉన్నదున్నట్టు చెప్పడానికే ఇది రాస్తున్నాను.

అది యాత్రికులను తిప్పే అద్దె బండి. ఓనరు, డ్రైవరు ఇద్దరూ కలిసి తెచ్చారు. హెడ్‌లైట్లు, వైపర్లు కలిపి వేస్తే లైట్లు కొట్టుకునేవి, తలుపుల లాకులు వాటంతటవే టకటకమని పడి లేచేవి. కాసేపటికి అంతా మామూలే. లైట్లను, లాకులను, అద్దాలను నడిపే పెట్టె ఒకటి స్టీరింగు కింద ఉంటుంది. దాన్ని బీసీఎం అంటాం. కరెంటు సరిగా అందకపోతే అది ఇలాంటి వేషాలే వేస్తుంది.

నేను పెట్టె తీగలు ఊడదీసి మీటరు పెట్టాను. పన్నెండు వోల్టుల పైనే చూపించింది. ఎర్తు తీగకు పెడితే బీప్‌మంది. కరెంటు వస్తోంది, ఎర్తు ఉంది, కాబట్టి పెట్టే పోయిందని తేల్చేశాను. నాకు పని నేర్పిన మేస్త్రీ ఇలాంటి చోట మీటరును నమ్మేవాడు కాదు. పాత హెడ్‌లైటు బల్బుకు రెండు తీగలు కట్టి వెలిగించి చూసేవాడు. చెడిన తీగ కూడా మీటరుకు నిండుగా వోల్టులు చూపిస్తుంది. బల్బును మాత్రం వెలిగించలేదు. అలాంటి బల్బు ఒకటి నా సొరుగులోనే ఉంది. తీయలేదు.

"పెట్టె ఎందుకు పోయిందప్పా?" అన్నాడు ఓనరు.

అప్పుడే డ్యాష్‌బోర్డు మీద సామి పటం, దాని ముందు డ్రైవరు పెట్టుకున్న చిన్న లైటు కనబడ్డాయి. దాని తీగ స్టీరింగు కిందికే దిగి ఉంది.

"ఇదిగో సూడండి. యాడబడితే ఆడ తీగ కలిపితే పెట్టె కాలక ఏమయితాది?" అన్నాను.

"చార్జరు పెట్టే సాకెట్టుకే కలిపినాన్నా. పెట్టె జోలికే పోలేదు," అన్నాడు డ్రైవరు.

"మెకానిక్కు నువ్వా, ఆయప్పా?" అన్నాడు ఓనరు.

"సామికే షాకు కొట్టించినావు గదరా!" అని పక్కనే ఉన్న టీ అంగడాయన అన్నాడు. టీ తాగుతున్న ఇద్దరు డ్రైవర్లు కూడా నవ్వారు. ఆ బండి డ్రైవరు లైటు పీకి జేబులో వేసుకున్నాడు. ఓనరు చెయ్యి చాపితే బండి తాళాలు అక్కడే ఇచ్చేసి నడిచి వెళ్లిపోయాడు.

కొత్త పెట్టె బిగించాను. వారం బాగానే ఉంది. వాన పడిన రోజు మళ్లీ అదే తంతు. ఓనరు తనే నడుపుకుంటూ వచ్చాడు. ఈసారి బల్బు తీశాను. పెట్టెకు వచ్చే రెండు తీగల మధ్య అది నిప్పు కణికలా ఎర్రగా వెలిగింది. ఎర్తు వైపు కొస తీసి నేరుగా బండి ఇనుముకు ఆనిస్తే భగ్గున తెల్లగా వెలిగింది. చెడింది ఎర్తు. దాని వెంటే పోతే డ్రైవరు కాలి పక్కన, మ్యాటు వెనక ఒక బోల్టు దొరికింది. దాని కింద ఎర్తు తీగల రింగులు రెండు. లోపలిది నాది. ఏడాది ముందు మ్యూజిక్ సిస్టం పెట్టినప్పుడు, కరెంటుకు అడ్డం పడే రంగు గీకకుండా, అసలు రింగుకు, బండి ఇనుముకు మధ్యలో దాన్ని దూర్చాను. సరిగా బిగించనూ లేదు. బోల్టు వేళ్లతోనే తిరిగింది. చుట్టూ పచ్చటి చిలుము.

నా తల పెడళ్ల దగ్గర ఉంది, కాళ్లు బయట ఉన్నాయి. తలుపుకు అడ్డంగా ఓనరు నిలబడి ఉన్నాడు.

"దొరికిందా అప్పా?"

"కొత్త పెట్టెకు సెట్టింగు చేయాల్సుండాది. అయిపోయింది," అన్నాను. రంగు గీకి, చిలుము తుడిచి, బోల్టు బిగించి బయటికి వచ్చాను. ఇక నిజం చెప్పాలంటే రెండు అబద్ధాలు ఒప్పుకోవాలి.

ఆ డ్రైవరు తర్వాత నాయుడుపేట ఫ్యాక్టరీ బస్సుకు చేరాడు. రోజూ పొద్దున నా అంగడి ముందు నుంచే పోతాడు. పోతూ చెయ్యి ఎత్తేవాడు. నేను ఏదో ఒక బానెట్‌లోకి తల దూర్చేవాడిని. బస్సు వేళ తెలిసిపోయాక, ఆ వేళకు అంగట్లో లేకుండా చూసుకునేవాడిని.

పోయిన నెల హారన్ పలకడం లేదని బస్సు నా దగ్గరే ఆపాడు. లోపల సామి పటం ఉంది. లైటు లేదు.

"లైటు పెట్టలేదా?"

"వద్దులేన్నా. మా ఇంటామె పెట్టనీదు. లైటు పెట్టి కూడు పోగొట్టుకున్నావు, ఇది కూడా పోగొడతావా అంటాది."

అప్పుడు చెప్పాను. బోల్టు, రింగు, ఆ రోజు ఆడిన అబద్ధం, అన్నీ.

"నాకు చెప్తే ఏమొస్తాదన్నా? నేను చేయలేదని నాకు తెలుసు గదా. ఆ పొద్దు నవ్వినోళ్లుండారే, వాళ్లకు చెప్పు."

మర్నాడు ఓనరును పిలిపించి, టీ అంగడి దగ్గర చెప్పాను. "అయిపోయినదానికి ఇప్పుడేందప్పా, టీ తాగు," అన్నాడతను. టీ అంగడాయన మాత్రం గ్లాసు కడగడం ఆపి నా వైపే చూశాడు. మిగిలిన ఇద్దరు డ్రైవర్లు ఇప్పుడు ఈ పక్క రావడం లేదు. వాళ్ల కంట పడుతుందనే ఇది రాశాను.

నిన్న పొద్దున బస్సు వచ్చే వేళకు అంగడి ముందే నిలబడ్డాను. పటం ముందు లైటు వెలుగుతోంది. నా దగ్గర పెట్టించుకోలేదు. చెయ్యీ ఎత్తలేదు.