స్టాంపు వేసిచ్చిన 'కాదు'

2005. సికింద్రాబాద్ పద్మారావు నగర్‌లో నాకు సర్జికల్ సామాను అద్దెకిచ్చే షాపు అప్పటికే ఉంది. హాస్పిటల్ మంచాలు, వీల్‌చెయిర్లు, ఎయిర్ బెడ్లు. బేగంపేటలో అద్దాల ఆఫీసులు లేస్తున్న కాలం. ఇళ్లలో సంపాదించేవాళ్లు పెరిగారు, పేషెంట్ పక్కన కూర్చునేవాళ్లు తగ్గారు. నా వ్యాపారానికి అంతకంటే మంచి రోజులు లేవు. మా నాన్నది జనరల్ బజార్లో బట్టల కొట్టు. బేరంలో 'కాదు' అనడం నాకు మాటలతో పాటే వచ్చింది. గొప్పగా చెప్పుకోవడానికి నా దగ్గరున్న విద్య అదొక్కటే.

సత్యవతి గారు విజయనగరం వైపు మనిషి. భర్త ఉద్యోగం నాగపూర్‌లో. పక్షవాతంతో మంచాన పడ్డ అత్తగారిని మూడేళ్లుగా ఒక్కరే చూస్తున్నారు. మరిది రవి బేగంపేటలో సాఫ్ట్‌వేర్ మేనేజర్. ఆవిడ పేషెంట్ లిఫ్ట్ కోసం వచ్చారు. మంచం మీది మనిషిని గట్టి గుడ్డలో కూర్చోబెట్టి పైకెత్తి కుర్చీలోకి దించే మిషన్ అది.

"బాబూ, దీనికి ఇద్దరు మనుషులుండాలని బిల్లు మీద రాసిస్తారేటి?"

"ఇద్దరుంటేనే మంచిగుంటదమ్మా. కానీ రాసుడెందుకు?"

"నన్ను బరువు ఎత్తొద్దని డాక్టరు చెప్పారండి. నేను చెప్తే మా మరిదికి వినపడదు. ఆయాని పెడదామంటే, అత్తయ్యగారు నన్ను తప్ప ఎవర్నీ ముట్టుకోనివ్వరు. కంపెనీ రూలంటే ఊరుకుంటారు."

ఎర్ర ఇంకుతో రాసి, స్టాంపు గట్టిగా గుద్ది ఇచ్చాను. నా తెలివికి నేనే మురిసిపోయాను.

ఆయా వచ్చింది. పది రోజులు గడిచాయి. తర్వాత రవి షాపుకొచ్చాడు.

"బాస్, ఈ టూ పర్సన్స్ గొడవేంటి? ఆయా చెయ్యి వేస్తే అమ్మ ఏడుస్తోంది. వదిన ఒక్కతే చేసుకునే మోడల్ లేదా?"

ఉంది. కొత్తగా తెప్పించిన ఎలక్ట్రిక్ లిఫ్ట్, ఎవరూ అడక్క షాపు మూల దుమ్ము పట్టి ఉంది.

"ఎందుకు లేదు సార్. బటన్ నొక్కుడే. చిన్నపిల్ల సుత చేస్తది."

ఎత్తడం మిషన్ పని, నిజమే. కానీ అంతకుముందు పేషెంట్‌ని అటూ ఇటూ ఒత్తిగిల్లించి కింద ఆ గుడ్డ దూర్చాలి. అది మనిషి నడుం చెయ్యాల్సిన పని. ఆ సంగతి తెలిసీ నేను నోరు విప్పలేదు. నా రూల్‌ని నేనే కొట్టేశాను. ఆయాని మానిపించారు.

నెల తిరక్కుండా రవి మళ్లీ వచ్చాడు. వదినకి డిస్క్ జారిందట. కదలకుండా పడుకోమన్నారట.

"ఇంకో మంచం కావాలి బాస్. అమ్మ గదిలోనే వేయించండి. ఆయాని మళ్లీ పిలుస్తాం. వదిన పడుకునే అన్నీ చెప్పి చేయిస్తుంది."

మంచం బిగించడానికి నేనే వెళ్లాను. స్క్రూలు తిప్పుతుంటే సత్యవతి గారు గోడ పట్టుకుని వచ్చి గుమ్మంలో నిలబడ్డారు.

"ఆ మంచం ఇక్కడ వెయ్యకండి."

"అదేంటి వదినా, అమ్మ నువ్వు కనపడకపోతే ఉండదు కదా."

"ఉండరు. తెలుసు రవీ. రేపట్నుంచి అత్తయ్యగారి పని నేను చెయ్యను, చేయించను. నీ ఇంటికి తీసుకెళ్తావో, నువ్వే వచ్చి ఉంటావో చూసుకో."

"పోనీ కొన్నాళ్లు..."

"లేదు."

మంచం మీద ముసలావిడ ఏడుపు మొదలుపెట్టింది. సత్యవతి గారు ఒకసారి అటు చూశారు కానీ మాట మార్చలేదు. నా వైపు తిరిగారు.

"దీనికి స్టాంపు అక్కర్లేదు కదండీ?"

నేను బిగించిన స్క్రూలు విప్పడం మొదలుపెట్టాను.

ఆ వారమే అత్తగారిని బేగంపేట ఫ్లాటుకి తీసుకెళ్లారు. అక్కడ ఇద్దరు ఆయాలు కుదిరారని విన్నాను. మొదట్నుంచీ కుదిరేవాళ్లే.

'కాదు' అనే మాటని కూడా మంచాల్లాగా అద్దెకివ్వొచ్చనుకున్నాను. అరువు తెచ్చుకున్న మాటని ఎవరైనా వెనక్కి తీసుకుపోగలరు. ఆవిడ విషయంలో ఇచ్చిన నేనే తీసుకున్నాను. ఆవిడ సొంత 'కాదు' గట్టిగానే నిలబడింది. నడుమే నిలబడలేదు. రెండేళ్ల తర్వాత నడుం బెల్టు కోసం షాపుకొచ్చినప్పుడు కుర్చీ వేస్తే, కూర్చుంటే లేవలేనని నిలబడే మాట్లాడారు. నన్ను ఒక్క మాటా అనలేదు.

ఒక్కరు నడిపే లిఫ్ట్ ఇప్పటికీ అద్దెకిస్తున్నాను. బాగా పోతుంది. గుడ్డ సంగతి అడిగినవాళ్లకి చెబుతాను. అడగనివాళ్లే ఎక్కువ.